మహర్‌ను కన్యాశుల్కం అనకండి

అందరికీ నమస్కారం. అస్సలాము అలైకుమ్.

ఇస్లాంలో పెళ్లికి సంబంధించిన మాటల గురించి చెప్పమన్నారు. మాటలు చాలా ఉన్నాయి. నేను మాత్రం ముఖ్యంగా ఒక్క మాట కోసం వచ్చాను. మహర్, అంటే నికాహ్‌లో పెళ్లికొడుకు పెళ్లికూతురికి ఇచ్చే సొమ్ము.

మావారు పోయాక పెన్షన్ పని మీద మా నికాహ్‌నామాకి, అంటే పెళ్లి పత్రానికి, తెలుగు నకలు కావలసి వచ్చింది. మా పెళ్లి 1984లో శ్రీకాకుళంలో జరిగింది. కాగితం ఉర్దూలో ఉంది. డబ్బులిచ్చి తెలుగులో రాయించాను. మహర్ అన్న చోట ‘కన్యాశుల్కం: రూ. 5,001’ అని రాసిచ్చారు. ఆఫీసులో దాన్ని చూసిన ఆయన తలెత్తి, “ఏటమ్మా, అప్పట్లో మీ నాన్నగారికి ఐదువేలు ముట్టిందేటి?” అన్నాడు. వెటకారం కాదు, కాగితంలో ఉన్నదే అడిగాడు. మా నాన్న నా పెళ్లికి అప్పు చేశాడు గానీ పైసా పుచ్చుకోలేదు. అదైనా చెప్పడానికి నాకు గొంతు పెగల్లేదు. ముప్పై ఏళ్లు పిల్లలకు తెలుగు చెప్పిన దాన్ని, ఒక్క తెలుగు మాట దగ్గర అలా నిలబడిపోయాను.

కన్యాశుల్కం అంటే ఏమిటో విజయనగరానికి ఎవరూ చెప్పక్కర్లేదు. గురజాడ అప్పారావుగారి నాటకం 1892లో మొదట ఆడింది ఈ ఊళ్లోనే. 1897లో అచ్చు వేసినప్పుడు ముందుమాటలో ఆయన ఒక లెక్క ఇచ్చారు. ఆనందగజపతి మహారాజు తయారు చేయించిన జాబితా అది. విశాఖపట్నం జిల్లాలో మూడేళ్లలో 1034 శుల్క వివాహాలు. పెళ్లికూతుళ్లలో ఐదేళ్ల వాళ్లే 99 మంది. ఆ సొమ్ము ఎవరి మొలలోకి పోయింది? తండ్రి మొలలోకి. నాటకంలో అగ్నిహోత్రావధాన్లు సుబ్బిని ఇచ్చి పుచ్చుకోవాలనుకున్న రూపాయల్లో సుబ్బికి దమ్మిడీ లేదు.

మహర్ అలాంటిది కాదు. ఇచ్చేవాడు పెళ్లికొడుకు, తీసుకునేది పెళ్లికూతురు. మధ్యలో తండ్రి చెయ్యి లేదు. ఖుర్‌ఆన్‌లో అన్‌నిసా అనే నాలుగో సూరా (అధ్యాయం), నాలుగో ఆయత్‌లో (వాక్యంలో) ఈ ఆజ్ఞ ఉంది: స్త్రీలకు వాళ్ల ‘సదుఖాత్’ మనస్ఫూర్తిగా ఇచ్చేయండి అని. గమనించండి, మహర్ అన్న మాట ఖుర్‌ఆన్‌లో లేదు. దాని బదులు అక్కడున్న ఈ సదుఖాత్‌కి, నిజం అనే అర్థం ఉన్న ‘సిద్ఖ్’కి ధాతువు ఒకటే. నిన్ను కోరుకున్న మాట నిజం అని చేత్తో చూపించడం అన్నమాట. ఏమీ లేని ఒక మనిషి పెళ్లి చేసుకుంటానని వస్తే ప్రవక్త ఇనుప ఉంగరమైనా వెతికి తెమ్మన్నారు. అదీ దొరకలేదు. అతనికి వచ్చిన ఖుర్‌ఆన్ సూరాల మీదే పెళ్లి చేశారు. ప్రవక్త మాటలు, చేతలు చెప్పే బుఖారీ హదీసుల్లో ఉంది ఇది. వెల కట్టి కొనుక్కునే చోట ఇలా జరుగుతుందా?

మన చట్టానికి కూడా ఈ తేడా తెలుసు. 1961 వరకట్న నిషేధ చట్టం కట్నం అంటే ఏమిటో చెబుతూనే, ముస్లింల మహర్ అందులోకి రాదని రాసింది. కట్నం అసలు వేరే దారి. సామాన్ల రూపంలో వెళితే మేం ‘జహేజ్’ అంటాం, హైదరాబాద్ వైపు నగదునైతే ‘జోడే కీ రఖం’ అంటారు. అడిగి తీసుకునే ఈ రెండింటికీ షరియత్‌లో చోటు లేదు. మహర్‌ని వెయ్యి రూపాయలకు కుదించి జహేజ్‌ని లక్షల్లోకి పెంచిన పెళ్లిళ్లు మా వాళ్లలో చూశాను. అది మా తప్పే.

ఇంకో చిక్కు ఉంది. నికాహ్‌నామాలో మహర్ పక్కన ‘ముఅజ్జల్’ అని ఉంటుంది. అరబీలో ఐన్ అక్షరంతో రాస్తే వెంటనే ఇవ్వాల్సింది, హంజాతో రాస్తే వాయిదా వేసింది. పలకడానికి రెండూ దాదాపు ఒకటే. తెలుగులో రాస్తే తేడా పూర్తిగా పోతుంది. అందుకే తెలుగు నకలులో ‘వెంటనే’, ‘వాయిదా’ అని విడిగా రాయించుకోండి. వాయిదా వేసినది భర్త నెత్తిన బాకీ. అతను చనిపోతే వారసులు ఆస్తి పంచుకునే ముందే భార్యకు అది చెల్లించాలి.

ఆ బాకీ దగ్గర మా ఇళ్లలో ఒక అలవాటు ఉంది. చెప్పక తప్పదు. శవం లేవక ముందు పెద్దవాళ్లు వచ్చి, “మహర్ మాఫ్ చేశానని అనమ్మా” అని భార్యను అడుగుతారు. ఆ క్షణంలో ఏ ఆడది కాదంటుంది? నన్నూ అడిగారు. అన్నాను. అదే నాలుగో ఆయత్, ఆమె తన మనసుతో వదులుకుంటేనే మీరు తినండి అంటుంది. ఏడుస్తూ ఉన్న మనిషి నోట పలికించింది ఆమె మనసా? పైగా 1984 నాటి ఐదువేలకు ఇప్పుడు ఏమొస్తుంది? అందుకని ఇప్పటి పెళ్లిళ్లకు మహర్ బంగారంలోనో వెండిలోనో రాయమంటాను. ప్రవక్త కూతురు ఫాతిమా పేరు మీద మహర్-ఎ-ఫాతిమీ అని 500 దిర్హాముల (పాత వెండి నాణేల) లెక్క ఉంది. సుమారు కిలోన్నర వెండి.

మిగతావి త్వరగా చెబుతాను. షాదీ పారసీ మాట, సంతోషం అని అర్థం. నికాహ్ అరబీ. అడగడం ‘ఈజాబ్’, ఒప్పుకోవడం ‘ఖబూల్’. ఖబూల్ ఒక్కసారి అంటే చాలు, మూడుసార్లు అనిపించడం ఆచారం. అమ్మాయి దగ్గరికి వెళ్లి నీకు ఇష్టమేనా అని అడిగే పెద్దమనిషిని ‘వకీల్’ అంటారు. కోర్టులో మనం చూసే వకీలే, ఒకరి తరఫున మాట్లాడేవాడు. హక్కు, షరతు, బాకీ, వారసుడు కూడా అరబీ నుంచి వచ్చి తెలుగైపోయిన మాటలే. పరాయి భాష అని భయపడాల్సిన పని లేదు.

ముస్లింల పెళ్లి ఒట్టి కాంట్రాక్టే అని తరచుగా రాస్తుంటారు. ఒప్పందం అన్నది నిజమే. కానీ ఖుర్‌ఆన్ దాన్ని ‘మీసాఖె గలీజ్’ అంది, గట్టి ప్రమాణం అని. ప్రవక్తల దగ్గర దేవుడు తీసుకున్న ప్రమాణానికీ ఇదే మాట వాడింది. భార్యాభర్తలు ఒకరికొకరు ‘లిబాస్’, అంటే బట్ట, అని మరో చోట అంది. ఈ రెండు మాటలు విన్నాక దాన్ని ఒట్టి కాంట్రాక్టు అనడానికి నాకు నోరు రాదు.

కిందటేడు మా అబ్బాయి పెళ్లయింది. కోడలి నికాహ్‌నామాకి తెలుగు నకలు నేనే కూర్చుని రాశాను. ‘మహర్: వధువు సొంత సొమ్ము. మూడు తులాల బంగారం. వెంటనే. నికాహ్ రోజునే ఆమె చేతికి ఇచ్చారు.’ సంతకం పెట్టే ముందు ఆ అమ్మాయి ఆ వాక్యం రెండుసార్లు చదువుకుంది.