పరుగు నొప్పులు: ఎప్పుడు ఆపాలి, ఎప్పుడు బరువు మోపాలి

అందరికీ నమస్కారం.

పరుగెత్తేవాళ్లకి కాలు నొప్పి వస్తే చుట్టూ ఉన్నవాళ్లు చెప్పే మాట ఒకటే: "కొన్నాళ్లు మానెయ్." మానేస్తే తగ్గుతుంది కూడా. మళ్లీ మొదలుపెట్టిన రెండో వారానికి అదే చోట అదే నొప్పి. ఇలా ఏళ్లు గడిపేసేవాళ్లు చాలామంది ఉన్నారు. అందుకే ఈ పూట ఒక్క విషయం గట్టిగా చెప్పదలచుకున్నాను. నొప్పి ఎముకదా, టెండన్‌దా అన్నది ముందు తేల్చుకోండి. ఎముక నొప్పికి విశ్రాంతే మందు. కండరాన్ని ఎముకకు కట్టి ఉంచే టెండన్‌కు మాత్రం ఉత్త విశ్రాంతి చాలదు, దాని మీద బరువు పడాలి. ఈ రెండూ తారుమారు చేస్తే ఎముక విరుగుతుంది, టెండన్ బలహీనపడుతుంది.

అసలు ఈ నొప్పులు ఎందుకొస్తాయి? గుండె, ఊపిరితిత్తులు, కండరాలు కొన్ని వారాల్లోనే పుంజుకుంటాయి. ఎముకకూ టెండన్‌కూ నెలలు పడుతుంది. ఆరో వారానికి ఆయాసం తగ్గి "ఇంకో రెండు కిలోమీటర్లు పరుగెత్తేయొచ్చు" అనిపిస్తుంది గానీ, కాలి ఎముక ఇంకా అంతకు సిద్ధపడి ఉండదు. పరుగు గాయాల్లో ఎక్కువ భాగం ఇలా పుట్టేవే. పడితేనో బెణికితేనో వచ్చేవి తక్కువ. కాబట్టి నొప్పి మొదలైన రోజు ఏం చేశామా అని ఆలోచించి లాభం లేదు. అంతకు ముందు మూడు నాలుగు వారాల్లో దూరం, వేగం, ఎత్తుపల్లాలు, బూట్లు, నిద్ర వీటిలో ఏది మారిందో చూసుకోండి.

ముందు ఎముక సంగతి. మోకాలి కింద, కాలి లోపలి అంచు వెంబడి నొప్పి ఉందనుకోండి. బొటనవేలితో ఎముక అంచు మీద పైనుంచి కిందికి నొక్కుకుంటూ రండి. 5 సెంటీమీటర్లు, అంతకన్నా ఎక్కువ మేర నొప్పి పరుచుకుని ఉంటే సాధారణంగా అది షిన్ స్ప్లింట్స్, అంటే పరుగు ఒత్తిడికి కాలి ఎముక అంచు వెంబడి పుట్టే నొప్పి. దూరం, వేగం బాగా తగ్గించి, పిక్కల బలం పెంచుకుంటే చాలావరకు సర్దుకుంటుంది. అలా కాకుండా వేలి కొన ఆనినంత చోట మాత్రమే చురుక్కుమంటూ, పరుగెత్తేకొద్దీ పెరుగుతూ, నడిచినా, రాత్రి పడుకున్నా వదలకపోతే స్ట్రెస్ ఫ్రాక్చర్‌ని, అంటే పదేపదే పడే ఒత్తిడికి ఎముకలో వచ్చే సన్నని పగులుని, అనుమానించాలి. మొదటి రెండు మూడు వారాల్లో అది ఎక్స్‌రేలో చాలాసార్లు కనిపించదు. "ఎక్స్‌రే బాగానే ఉందన్నారు" అని పరుగు కొనసాగించడం చాలా ప్రమాదం, ఎంఆర్ఐలో తేలుతుంది. కాలి లోపలి అంచున వచ్చిన పగులు పరుగు ఆపేస్తే మామూలుగా 6 నుంచి 8 వారాల్లో మానే దారిలో పడుతుంది. గజ్జల్లో లోతుగా, అడుగు వేస్తుంటే నొప్పి పుడితే మాత్రం ఒక్క రోజు కూడా ఆగొద్దు. తొడ ఎముక మెడ దగ్గర, అంటే తుంటి కీలు కింద ఆ ఎముక సన్నబడే చోట, పగులు ఉంటే అది పూర్తిగా విరిగి ఆపరేషన్ దాకా పోవచ్చు. గెంతి పరీక్షించుకోవడం లాంటివి చేయకుండా, ఆ కాలి మీద బరువు మోపకుండా డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

టెండన్ తీరు వేరు. మడమ వెనుక ఉండే అకిలిస్ టెండన్‌నే తీసుకుందాం. పొద్దున లేవగానే బిగుసుకుపోయి ఉంటుంది. పరుగులో ఒళ్లు వేడెక్కాక తగ్గిపోతుంది. మర్నాడు పొద్దున ఇంకాస్త ఎక్కువగా తిరిగొస్తుంది. మధ్యలో తగ్గడమే చాలామందిని మోసం చేస్తుంది.

దీనికి 1998లో స్వీడన్ వైద్యుడు హాకన్ ఆల్‌ఫ్రెడ్‌సన్ బృందం ప్రచురించిన వ్యాయామం ఇప్పటికీ పనికొస్తుంది. మెట్టు అంచు మీద పాదాల ముందు భాగం ఆనించి నిలబడండి. రెండు కాళ్లతో మునివేళ్ల మీదికి లేవండి. బాగున్న కాలు ఎత్తేసి, నొప్పి ఉన్న కాలి మీదే మడమను మెల్లగా మెట్టు కిందికి దించండి. మోకాలు నిటారుగా పెట్టి 15 చొప్పున మూడు సార్లు, కాస్త వంచి మళ్లీ 15 చొప్పున మూడు సార్లు. రోజుకు రెండు పూటలు, 12 వారాలు. నొప్పి లేకుండా చేయగలిగితే వీపు సంచిలో బరువు వేసుకోవాలి.

జనం ఇక్కడే జారిపోతారు. మూడో వారానికి గుణం కనిపించలేదని మానేస్తారు, లేదా సంచిలో ఏమీ వేయకుండా నెలల తరబడి అదే చేస్తారు. బరువు పెరగనిదే టెండన్ గట్టిపడదు. ఇంకో సంగతి: నొప్పి సరిగ్గా టెండన్ మడమ ఎముకకు అతుక్కునే చోట ఉంటే మడమను మెట్టు కిందికి దించకూడదు. అలా దించితే టెండన్ ఎముకకు ఒత్తుకుని నొప్పి ముదురుతుంది. చదును నేల మీదే చేయండి, పిక్కను సాగదీసే వ్యాయామాలు కొన్నాళ్లు పక్కన పెట్టండి.

నొప్పి ఎంతవరకు ఓర్చుకోవచ్చు? 10కి 5 దాకా పర్వాలేదు, మర్నాటి పొద్దుటికి మామూలు స్థాయికి వచ్చేస్తే. రాకపోతే నిన్న చేసింది ఎక్కువైనట్టే. ఈ కొలత టెండన్‌కే. ఎముక నొప్పికి పనికిరాదు.

మంచం దిగి మొదటి అడుగు వేయగానే మడమ కింద గుచ్చినట్టుంటే అది సాధారణంగా ప్లాంటర్ ఫేషియైటిస్, అంటే అరికాలిలో మడమ నుంచి వేళ్ల దాకా ఉండే గట్టి పట్టీకి వచ్చే నొప్పి. టెండన్ కాకపోయినా బరువుకు అలాగే స్పందిస్తుంది. తువ్వాలు చుట్టి కాలివేళ్ల కింద పెట్టుకుని మెట్టు మీద ఒంటికాలితో లేవాలి: 3 సెకన్లు పైకి, 2 సెకన్లు ఆగి, 3 సెకన్లు కిందికి. 12 సార్ల కన్నా ఎక్కువ లేవలేనంత బరువుతో మూడు విడతలు, రోజు విడిచి రోజు. నెలలు పడుతుంది, ఓపిక పట్టండి.

మోకాలి చిప్ప చుట్టూ నొప్పి వచ్చి, మెట్లు దిగుతుంటే పెరుగుతుంటే, తొడ, తుంటి కండరాలకు పని చెప్పాలి. అడుగు కాస్త చిన్నది చేయండి. నిమిషానికి 160 అడుగులు పడుతుంటే, అదే వేగంలో 168 నుంచి 176 మధ్యకు తెస్తే మోకాలి మీద భారం తగ్గుతుంది.

నొప్పి మాత్ర వేసుకుని పరుగుకు వెళ్లడం మాత్రం దయచేసి చేయకండి. మీకు దారి చూపించే నొప్పినే అది కప్పేస్తుంది. పైగా దూరపు పరుగులో ఒంట్లో నీరు తగ్గినప్పుడు ఐబుప్రొఫెన్ లాంటి మాత్రలు మూత్రపిండాలకు హాని చేస్తాయి.

ఇక తిరిగి మొదలుపెట్టడం. 30 నిమిషాలు చురుగ్గా నడిచినా, మర్నాడు పొద్దునా నొప్పి లేకపోతేనే పరుగు. 1 నిమిషం పరుగు, 2 నిమిషాల నడక, ఎనిమిది సార్లు. రోజు విడిచి రోజు. రెండు సార్లు ఇబ్బంది లేకుండా సాగితే పరుగు ఒక నిమిషం పెంచండి. దూరం పాత స్థాయికి వచ్చాకే వేగం, ఆ తర్వాతే ఎత్తులు. నొప్పి తిరగబెడితే సున్నా నుంచి మొదలుపెట్టక్కర్లేదు, ఒక మెట్టు వెనక్కి వెళితే చాలు. అయితే ఎముక పగులు ఒకటి మానాక ఇంకొకటి వస్తే పరుగు లెక్కలతో ఆగకండి. శరీరం ఖర్చు పెట్టేదానికి సరిపడా తింటున్నారా, ఆడవాళ్లలో నెలసరి తప్పుతోందా, విటమిన్ డి ఎంత ఉంది అన్నవి డాక్టర్‌తో కూర్చుని చూపించుకోండి.