నెల్లూరు ఎండలో జడల స్వెట్టర్: పాటర్న్ చూసి అల్లుదాం

నమస్తే అండీ. ఫ్యాన్ ఆపేశాను, లేకపోతే నా మాట కంటే దాని గోలే ఎక్కువ వినిపిస్తుంది. మధ్యమధ్యలో చెమట తుడుచుకుంటుంటాను, ఏమనుకోకండి. నెల్లూరులో కూర్చుని స్వెట్టర్ అల్లడమేంటని మా ఇంట్లోవాళ్లే నవ్వుతారు. మా చిన్నాడు డెహ్రాడూన్‌లో చదువుతున్నాడు. ఇక్కడ ఎండలు మండేటప్పుడు మొదలుపెడితేనే వాడికి చలికాలానికి అందుతుంది.

ఈరోజు కేబుల్ అల్లిక. పేరు చూసి కంగారుపడకండి, కేబుల్ అంటే జడే. పిల్లలకు తల దువ్వి జడ వేసిన చేతులకు ఇది సగం వచ్చినట్టే. ఈ రకం స్వెట్టర్లకు పేరు తెచ్చింది ఐర్లాండ్ పడమటి తీరంలోని ఆరన్ దీవులు, అక్కడి అల్లిక. సముద్రంలో పోయినవాళ్లను స్వెట్టర్ మీది డిజైన్ చూసి గుర్తుపట్టేవాళ్లని, ఇంటికొక డిజైన్ ఉండేదని ఒక కథ చెబుతారు. వినడానికి బాగుంటుంది కానీ అది కట్టుకథే.

సూదులు రెండు జతలు కావాలి. అంచుకు 10వ నంబరు, ఒంటికి 8వ నంబరు. మన షాపుల్లో దొరికే సూదుల్లో నంబరు పెరిగేకొద్దీ సూది సన్నమవుతుంది, అది మర్చిపోవద్దు. 8 అంటే 4 మిల్లీమీటర్లు, 10 అంటే 3.25. పాటర్న్‌లో మిల్లీమీటర్లు ఉంటే వాటినే నమ్మండి. వీటితోపాటు కుట్లు కాసేపు పట్టి ఉంచడానికి ఒక చిన్న సూది కావాలి. అది దొరక్కపోతే కొప్పుకు పెట్టుకునే పిన్ను చాలు. నేను మొదటి స్వెట్టర్ మొత్తం పిన్నుతోనే కానిచ్చాను.

ఊలు లేత రంగుది తీసుకోండి. నలుపులో జడలు కనిపించవు, మీ కష్టం ఎవరికీ తెలియదు.

ఇప్పుడు అందరూ ఎగ్గొట్టే పని. అరచేయంత శాంపిల్ ముక్క అల్లాలి, అదీ జడలతోనే. పోయినేడు నేను సాదాగా అల్లి కొలిచాను. 10 సెంటీమీటర్లకు 22 కుట్లు వచ్చాయి. 50 సెంటీమీటర్ల వెడల్పుకు 110 అని లెక్కేసి ఎక్కించేశాను. తీరా తొడిగితే వాడికి తల దూరింది కానీ చేతులు పైకి లేవలేదు! కుట్లను ఒకదాని మీదుగా ఒకటి దాటిస్తే బట్ట లోపలికి లాక్కుంటుంది. అందుకే ఇప్పుడు నేను ఆరు కుట్ల జడ ఒక్కోదానికి రెండు కుట్లు అదనంగా వేసుకుంటున్నాను. ఐదు జడలుంటే 120. కింది అంచు 110తోనే అల్లి, అది అయ్యాక ఆ పది పెంచండి. మీ పాటర్న్‌లో ఈ లెక్క ముందే వేసి ఉంటే మళ్లీ కలపకండి.

చార్ట్ చూద్దాం. గళ్ల కాగితంలా ఉంది కదా, ఒక్కో గడి ఒక్కో కుట్టు. కింద నుంచి పైకి చదవాలి. ముఖం వైపు, అంటే తొడిగితే బయటికి కనిపించే వైపు వరసలు కుడి నుంచి ఎడమకు, వెనకవైపు వరసలు ఎడమ నుంచి కుడికి. మనకు తెలుగు చదివే అలవాటు కొద్దీ కన్ను ప్రతి వరసా ఎడమ నుంచే మొదలుపెడుతుంది, అక్కడే తప్పు పడుతుంది. చార్ట్ మీద ఒక స్కేలు పెట్టి, వరస అయ్యాక దాన్ని పైకి జరుపుకుంటూ పోండి. మెలికల ముగ్గు వేసేవాళ్లకు ఇది ఆడుతూ పాడుతూ వచ్చేస్తుంది, గీత ఎక్కడ పైన పోయింది, ఎక్కడ కింద పోయింది అన్నదే కదా అక్కడ కూడా.

ఇక్కడ సి6ఎఫ్ అని ఉంది. సి అంటే కేబుల్, 6 అంటే మొత్తం కుట్లు, ఎఫ్ అంటే ఫ్రంట్. ఆరూ పిన్నుకు ఎక్కించేస్తారు కొందరు, కాదు, మూడే. కెమెరా దగ్గరికి తెస్తున్నాను, చూడండి. అటూ ఇటూ రెండేసి పర్ల్, అంటే ఉల్టా కుట్లు, మధ్యలో ఆరు నిట్, అంటే సీదా కుట్లు. ఆ పర్ల్ పల్లంగా ఉంటేనే జడ ఉబ్బెత్తుగా కనిపిస్తుంది. మొదటి మూడు కుట్లు మెలిపడకుండా పిన్ను మీదికి జార్చాను. పిన్ను నా వైపు, అంటే ముందుకు వదిలేశాను. ఎడమ సూది మీది తర్వాతి మూడు నిట్ చేస్తున్నాను. మొదటిది కొంచెం బిగుతుగా ఉంటుంది, దారం లాగి పట్టుకోండి. ఇప్పుడు పిన్ను మీది మూడు నిట్. అయిపోయింది. జడ ఎడమకు వాలింది. సి6బి అంటే ఇదే పని, పిన్ను వెనక్కి వదలాలి, జడ కుడికి వాలుతుంది.

ఈ పాటర్న్‌లో 5, 11, 17, 23 వరసల్లో దాటించాలి. అన్నీ ముఖం వైపువే.

మూడు పాయల జడకైతే తొమ్మిది కుట్లు కావాలి. ఒకసారి సి6ఎఫ్ చేసి మూడు నిట్, నాలుగు వరసల తర్వాత మూడు నిట్ చేసి సి6బి. బయటి పాయ మధ్య పాయ మీదికి వస్తుంది, అచ్చం తల జడలాగే.

ఇదిగో, దొరికిపోయాను. 17వ వరసలో పిన్ను వెనక్కి వదిలేసినట్టున్నాను, జడ ఎడమకు బదులు కుడికి వాలింది. 22 వరసలు అయ్యాక ఇప్పుడు చూస్తున్నాను. టెన్షన్ వద్దు, మొత్తం విప్పక్కర్లేదు. ఈ ఆరు కుట్లు మాత్రమే సూది మీద నుంచి వదిలేసి 17వ వరస వరకు జారనిచ్చాను. నిచ్చెనలాగా ఆరు దారాలు వేలాడుతున్నాయి చూశారా? కింది ఆరు కుట్లూ చిన్న సూది మీదికి తీసుకున్నాను. అన్నిటికంటే కింది దారంతో, ఈసారి పిన్ను ముందుకు పెట్టి, దాటిస్తున్నాను. పైనున్న ఐదు దారాలతో ప్రతిసారీ ముఖం వైపు నుంచే నిట్. పక్క కుట్లు కాస్త వదులయ్యాయి, సూది మొనతో సర్దితే సరి. పది నిమిషాలు పట్టింది, వీడియోలో కట్ చేశాను.

వెనక భాగం కూడా ఇంతే, జడలు లేకుండా సాదాగా అల్లినా ఫర్వాలేదు, వీపు ఎవరు చూస్తారు. కాకపోతే అప్పుడు ఆ పది కుట్లు పెంచొద్దు. చేతులు, మెడ వేరే వీడియోలో.

అసలు ఉన్ని అయితే గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి, పిండకుండా తువాలులో చుట్టి ఒత్తి, నేల మీద పరిచి ఆరబెట్టండి. దండెం మీద వేస్తే చేతులు మోకాళ్ల దాకా సాగుతాయి. అక్రిలిక్ ఊలైతే ఇస్త్రీపెట్టె దగ్గరికి కూడా తీసుకుపోవద్దు, జడలు అణిగిపోయి మళ్లీ లేవవు.

ఉంటానండీ, ముందు ఆ ఫ్యాన్ వేసుకోవాలి.