ధ్రువనక్షత్రం కొబ్బరిచెట్ల చాటున ఉంటే ఏ టెలిస్కోపు కొనాలి?

[దృశ్యం: శ్రీకాకుళంలో ఒక డాబా, రాత్రి. పాత 70 మిల్లీమీటర్ల టెలిస్కోపు.]

నమస్కారమండీ. దీంతో మూడేళ్లు గడిపాను. మొదటిసారి శని వలయం చూసిన ఎదురింటి మామ్మగారు, "ఏటి బాబూ, లోపల బొమ్మ అంటించావా?" అన్నారు. ఇప్పుడు పెద్దది కావాలి. కంటితో చూడాలి, ఫోటోలూ తియ్యాలి. జేబుకి చిల్లుపడేది ఈ "రెండూ" దగ్గరే.

కంటికి కావలసింది వెలుతురు. 8 అంగుళాల అద్దం నా 70 మిల్లీమీటర్ల దానికంటే ఎనిమిది రెట్ల పైనే వెలుతురు పడుతుంది. ఉన్న డబ్బుకి పెద్ద అద్దం కావాలంటే డాబ్సోనియన్ కొనుక్కోండి. చెక్క పీఠం మీద చేత్తో తిప్పే గొట్టం, అంతే. చూడ్డానికి దాన్ని మించింది లేదు. చంద్రుణ్ణి, గురుణ్ణి వీడియో కూడా తీసుకోవచ్చు.

నెబ్యులాల, అంటే ఆకాశంలోని వాయు, ధూళి మేఘాల ఫోటోలు మాత్రం దాంతో కావు.

[దృశ్యం: చుక్కలన్నీ గీతలైపోయిన ఫోటో.]

ఇది నా ఘనకార్యమే. కెమెరా వెలుతురుని నిమిషాల తరబడి కూడబెట్టుకుంటుంది. ఆ సేపంతా గొట్టం నక్షత్రం వెంటే నడవాలి. ఖగోళ మధ్యరేఖ దగ్గర ఆకాశం సెకనుకి 15 ఆర్క్‌సెకన్లు జరుగుతుంది (డిగ్రీలో 3600వ వంతు ఒక ఆర్క్‌సెకను). 1200 మిల్లీమీటర్ల ఫోకల్ లెంగ్త్‌కి 3.76 మైక్రాన్ల పిక్సెళ్ల కెమెరా తగిలిస్తే, ఒక్క సెకనులో చుక్క 23 పిక్సెళ్లు జారిపోతుంది. అందుకే ఫోటోల పిచ్చి ఉన్నవాళ్లు గొట్టం కంటే ముందు దాన్ని మోసి తిప్పే మౌంట్ గురించి అడుగుతారు. మౌంట్ మోస్తుందని రాసిన బరువులో సగం, మహా అయితే అరవై శాతం పెట్టండి. పైగా మనకి సముద్రపు గాలి.

ఈక్వటోరియల్ మౌంట్, అంటే ఒక్క అక్షం మీద తిరుగుతూ నక్షత్రాల వెంట నడిచేది, తెచ్చాక అసలు తంటా మొదలైంది. దాని అక్షాన్ని ధ్రువనక్షత్రం వైపు తిప్పాలి. మన అక్షాంశం ఎంతో ఆ నక్షత్రం ఎత్తూ అంతే. శ్రీకాకుళానికి 18 డిగ్రీల పైచిలుకు. చెయ్యి చాచి చూస్తే రెండు పిడికిళ్ల ఎత్తు కూడా లేదు. మా డాబా మీంచి చూస్తే సరిగ్గా అక్కడే పక్కింటి కొబ్బరిచెట్లు! నరకమని అడగలేం కదా. సరే, అటూ ఇటూ ఫోటోలు తీసి అక్షం ఎంత తప్పిందో లెక్కగట్టే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి, వాటితో గట్టెక్కాను. మౌంట్‌ని ఇంత కిందికి వంచేసరికి గొట్టానికి సరితూగేలా బరువులు తగిలించే కడ్డీ స్టాండు కాలికి తగిలింది. మధ్యలో పొట్టి స్తంభం బిగించాల్సి వచ్చింది. కాబట్టి కొనేముందు "18 డిగ్రీలకి వంగుతుందా, కడ్డీ తగలదా?" అని అడగండి. ఊళ్లో వెలుతురు లేని పల్లె డాబా ఉంటే ఇవేవీ పెట్టుకోకండి, 8 అంగుళాల డాబ్సోనియన్ తెచ్చుకుని హాయిగా చూసుకోండి.

నాది టౌను. చీకటి కోసం బండి మీద కళింగపట్నం పోవాలి. నిలువెత్తు డాబ్సోనియన్‌ని వెనక కూచోబెట్టుకోలేను. అందుకని 6 అంగుళాల న్యూటోనియన్, అదీ అద్దం గొట్టమే, తీసుకున్నాను, ఫోకల్ లెంగ్త్ 750 మిల్లీమీటర్లు. మామూలు ఏపీఎస్-సీ సైజు సెన్సరున్న కెమెరాకి దాదాపు 1.8 డిగ్రీల ఆకాశం దొరుకుతుంది. ఒరాయన్ నెబ్యులా పూర్తిగా పడుతుంది, ఆండ్రోమెడా గెలాక్సీ పట్టదు. ఒక జాగ్రత్త: కంటికోసమే చేసిన న్యూటోనియన్లలో కొన్నిటికి కెమెరా తగిలిస్తే ఫోకస్ కుదరదు. ఫోటోలకి పనికొస్తుందని రాసి ఉన్నదే తీసుకోండి.

ఆరంగుళాలంటే చిన్నచూపొద్దు. 1874 డిసెంబరు 9న శుక్రుడు సూర్యుడి ముందుగా దాటడాన్ని విశాఖపట్నంలో అంకితం వెంకట నరసింగరావు గారు చూసింది ఆరంగుళాల టెలిస్కోపుతోనే. ఆయనది లెన్సుది లెండి.

మంచు సంగతంటారా, ముందు గాజుపలక ఉండే గొట్టాలకి మన తీరంలో డ్యూ హీటర్, అంటే గాజుకి మంచు పట్టకుండా వెచ్చగా ఉంచేది, తప్పదు.

[దృశ్యం: కళింగపట్నం బీచ్, మే నెల, రాత్రి పది. దక్షిణాన సముద్రం.]

అదిగో, నీళ్లకి 24 డిగ్రీల పైన ఒమెగా సెంటారి. 17 వేల కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న నక్షత్రాల గుంపు. లండన్లో ఉన్నవాళ్లకి ఇది అసలు పైకే రాదు. ధ్రువనక్షత్రాన్ని కొబ్బరిచెట్ల వెనక్కి నెట్టిన ఆ 18 డిగ్రీలే దీన్ని మనకి పైకెత్తి చూపిస్తున్నాయి. కెమెరా ఇంకా సంచిలోంచి తియ్యలేదండీ. ముందు ఐపీస్‌లో, కన్ను పెట్టి చూసే కటకంలో, చూద్దాం, నల్లగుడ్డ మీద పంచదార ఒలికినట్టుంది.