హోమ్ సైన్స్‌లో ఎంఎస్సీ ఎక్కడ చేయాలి? నా గూగుల్ షీట్ చూపిస్తాను

నమస్తే అండీ. వాయిస్ వస్తోందా? వస్తోంది, గీత కదులుతోంది. ఈరోజు నా మొహం కనబడదు, స్క్రీన్ ఒక్కటే. మా అక్క కూతురు డిగ్రీ ఫైనల్ ఇయర్, వారం నుంచి ఒకటే పాట. "పిన్నీ, ఎంఎస్సీకి ఏ కాలేజీ బాగుంటుంది?" నేనన్నాను, కాలేజీ సంగతి ఆఖర్న చూద్దాం, ముందు నీకు ఏ ఉద్యోగం కావాలో ఆ నోటిఫికేషన్ చదువుదాం రా అని. అలా ఇద్దరం కూర్చుని చేసిన షీటే ఇది.

కొత్త షీట్ ఓపెన్ చేశాను. పైవరుసలో కాలమ్స్ పెట్టేస్తున్నాను, చూడండి. ఉద్యోగం, వాళ్ళు అడిగిన డిగ్రీ పేరు, కోర్సు పూర్తి పేరు, కాలేజీ, ఎంట్రన్స్, అర్హత, ఫీజు, హాస్టల్, థీసిస్. ప్రయాణ ఖర్చుకి కూడా ఒక కాలమ్ పెట్టాను కానీ, మా పిల్ల "మహాలక్ష్మి ఫ్రీ బస్సు ఉంది కదా పిన్నీ" అంది. తీసేశాను. పైవరుస ఫ్రీజ్ చేసుకోండి, వ్యూలోకి వెళ్ళి. అయిపోయింది.

ఇప్పుడు వెతకడం. ఇక్కడ పేర్ల గొడవ ఒకటుంది. మనం హోమ్ సైన్స్ అంటాం. వ్యవసాయ విశ్వవిద్యాలయాల్లో ఇప్పుడు దాన్ని కమ్యూనిటీ సైన్స్ అంటున్నారు. బరోడా ఎంఎస్ యూనివర్సిటీకి వెళ్తే ఫ్యామిలీ అండ్ కమ్యూనిటీ సైన్సెస్. అమెరికాలో హోమ్ ఎకనామిక్స్ అనేవాళ్ళు, 1990ల్లో మార్చి ఫ్యామిలీ అండ్ కన్స్యూమర్ సైన్సెస్ అన్నారు. ఒక్క పేరే కొట్టి వెతికితే సగం కాలేజీలు రావు. అందుకని ఈ పేర్లన్నీ ఒక్కోటి ఒక్కో ట్యాబులో కొట్టండి. మా మామయ్యకు ఇవేవీ పట్టవు, ఆయన దృష్టిలో అన్నీ కలిపి "వంటలూ కుట్లూ". పోనీలెండి.

ఒక చిన్న చిట్కా. గూగుల్‌లో మామూలుగా వెతికితే ముందు అడ్మిషన్ ఏజెంట్ల సైట్లు వస్తాయి. నంబర్ ఇస్తే ఇక రోజుకు పది ఫోన్లు. నేనైతే సైట్ అని కొట్టి, పక్కనే కోలన్ పెట్టి, యూనివర్సిటీ అడ్రస్ కొడతాను. స్పేస్ ఇవ్వకూడదు. ఇదిగో, ఇలా. దాని వెనకాల ఫైల్‌టైప్ కోలన్ పీడీఎఫ్ అని కొడితే సిలబస్, ప్రాస్పెక్టస్ నేరుగా పడతాయి. పొరపాటున ట్యాబ్ మూసేస్తే కంట్రోల్ షిఫ్ట్ టీ, తిరిగొస్తుంది. ఇది తెలియక ఎన్నిసార్లు మొదటికొచ్చానో.

బ్రాంచ్‌లు. ఐసీఏఆర్, అంటే భారత వ్యవసాయ పరిశోధన మండలి, వాళ్ళ పద్ధతిలో కమ్యూనిటీ సైన్స్‌లో ఐదున్నాయి. ఫుడ్ అండ్ న్యూట్రిషన్ తెలిసిందే, జనమంతా అక్కడే. టెక్స్‌టైల్స్ ఒకటి. పిల్లలు, కుటుంబం గురించి చదివేది హ్యూమన్ డెవలప్‌మెంట్. ఊళ్ళలోకి వెళ్ళి పనిచేసేది ఎక్స్‌టెన్షన్. ఐదోది రిసోర్స్ మేనేజ్‌మెంట్ అండ్ కన్స్యూమర్ సైన్స్. దీన్ని ఎవరూ పట్టించుకోరు. ఇంటి బడ్జెట్, వంటగది గట్టు ఎంత ఎత్తులో ఉంటే నడుం నొప్పి రాదు అనే ఎర్గోనామిక్స్, ఇంటీరియర్, వినియోగదారుల హక్కులు, అన్నీ ఇందులోనే. నేను చదివింది కూడా ఇదే కాబట్టి నాకు కొంచెం పక్షపాతం ఉంటుంది, పట్టించుకోకండి.

కాలేజీలు గబగబా చెప్పేస్తాను, షీట్‌లో ఉన్నాయి. మన హైదరాబాద్ సైఫాబాద్‌లో వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్ళ కమ్యూనిటీ సైన్స్ కాలేజీ. కోఠీ ఉమెన్స్ కాలేజీ, ఇప్పుడది మహిళా విశ్వవిద్యాలయం. తార్నాకలో ఎన్ఐఎన్, అంటే జాతీయ పోషకాహార సంస్థ. 1918లో కూనూర్‌లో బెరిబెరి అనే జబ్బు మీద పరిశోధనకు మొదలుపెట్టింది, 1958లో హైదరాబాద్ వచ్చింది. అక్కడ అప్లైడ్ న్యూట్రిషన్‌లో ఎంఎస్సీ ఉంది, దానికి వాళ్ళ ఎంట్రన్స్ వేరే. బయటికి వెళ్ళగలిగితే తిరుపతి పద్మావతి మహిళా యూనివర్సిటీ, కోయంబత్తూర్ అవినాశిలింగం, ఢిల్లీ లేడీ ఇర్విన్. ఎంట్రన్సులు కూడా ఒకటి కాదు. సీపీగెట్, అంటే తెలంగాణ యూనివర్సిటీల ఉమ్మడి పీజీ ఎంట్రన్స్, తొంభై నిమిషాలు, 100 ప్రశ్నలు, నెగటివ్ లేదు. ఐసీఏఆర్ పీజీ పరీక్షలో తప్పు రాస్తే మార్కు పోతుంది. ఒకే పుస్తకం పట్టుకుని రెండింటికీ ఒకేలా చదవకండి.

సరే, ఇప్పుడు అసలు సంగతి. షీట్‌లో ఈ రెండో కాలమ్ పసుపు రంగులో పెట్టాను చూశారా? అడిగిన డిగ్రీ పేరు. దీని పక్కనే, కోర్సు పూర్తి పేరు. ఈ రెండూ అక్షరం పొల్లుపోకుండా సరిపోవాలి. ఇక్కడ నెమ్మదిగా వెళ్తాను, బోర్ కొట్టినా భరించండి.

నా సర్టిఫికెట్ మీద ఫ్యామిలీ రిసోర్స్ మేనేజ్‌మెంట్ అని ఉంటుంది. హోమ్ సైన్స్ అనే మాట ఎక్కడా లేదు. చదివే రెండేళ్ళూ నాకు అది తట్టనే లేదు. డిపార్ట్‌మెంట్ బోర్డు మీద హోమ్ సైన్స్ అనే ఉండేది కదా! తర్వాత ఒక ప్రభుత్వ ఉద్యోగానికి నోటిఫికేషన్ వచ్చింది. అర్హత, హోమ్ సైన్స్‌లో పీజీ. ఆన్‌లైన్ ఫారంలో డిగ్రీ ఎంచుకోమని ఒక లిస్టు కిందికి జారుతుంది కదా, అందులో నా కోర్సు పేరు లేదు. పైకీ కిందికీ నాలుగుసార్లు తిప్పాను. లేదు. సర్లే అని "ఇతరములు" నొక్కాను. పరీక్ష రాశాను, వెరిఫికేషన్‌కి పిలిచారు. ఆ టేబుల్ దగ్గర ఆయన నా సర్టిఫికెట్ తీసుకుని, ముందు చూసి, వెనక్కి తిప్పి చూసి, "ఇది హోమ్ సైన్సేనని రాసిచ్చిన కాగితం ఏదమ్మా?" అన్నారు. ఈక్వివలెన్స్ సర్టిఫికెట్. ఆ మాట నేను మొదటిసారి విన్నది అక్కడే! యూనివర్సిటీకి మూడుసార్లు తిరిగాను. ఒకసారి సంతకం పెట్టాల్సిన మనిషి లీవు, ఒకసారి చలాన్ తప్పు. కాగితం చేతికొచ్చేసరికి గడువు దాటి తొమ్మిది రోజులైంది.

అందుకని ఏం చేస్తారంటే, సీనియర్ ఎవరినైనా పట్టుకుని, పాసైనవాళ్ళ ప్రొవిజనల్ సర్టిఫికెట్ ఫోటో అడగండి. పేరు, నంబర్ కనబడకుండా మూసి పంపమనండి. బ్రోచర్‌లో పేరు వేరు, సర్టిఫికెట్ మీద ప్రింటయ్యే పేరు వేరు. మనకు కావాల్సింది ప్రింటయ్యే పేరు. దాన్ని ఇక్కడ టైప్ చేయండి. కాపీ పేస్ట్ వద్దు, టైపే చేయండి, అప్పుడే తేడా కంటికి తగులుతుంది. ఇప్పుడు పక్క కాలమ్‌లో పాత నోటిఫికేషన్ మాట. సూపర్‌వైజర్ పోస్టులకు అడిగింది ఒక వరుస, డైటీషియన్ పోస్టుకు అడిగింది ఒక వరుస. లెక్చరర్ అవ్వాలంటే యూజీసీ నెట్ పరీక్షలో మన సబ్జెక్ట్ హోమ్ సైన్స్, కోడ్ 12. ఆసుపత్రిలో డైటీషియన్‌గా స్థిరపడాలనుకుంటే ఇండియన్ డైటెటిక్ అసోసియేషన్ వాళ్ళ ఆర్‌డీ, అంటే రిజిస్టర్డ్ డైటీషియన్, పరీక్ష అర్హతలు కూడా ఇక్కడే పెట్టుకోండి. సరిపోతే ఆకుపచ్చ, సరిపోకపోతే ఎరుపు. నోటిఫికేషన్‌లో "లేదా తత్సమానం" అని ఉంటే నారింజ. నారింజ అంటే కోర్సులో ఉండగానే ఆ కాగితం తెచ్చుకోవాలి, తర్వాత కాదు.

మా పిల్ల షీట్‌లో పదకొండు వరుసలుంటే, రంగులు వేశాక పచ్చవి నాలుగే మిగిలాయి. మొహం చిన్నబుచ్చుకుంది. నేనైతే అబ్బా, ఏడు అప్లికేషన్ ఫీజులు మిగిలాయి అనుకున్నాను.

దూరవిద్య సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. న్యూట్రిషన్, డైటెటిక్స్ ఇంట్లో కూర్చుని చేద్దామనుకునేవాళ్ళు ఆగండి. 2021లో వచ్చిన అలైడ్ హెల్త్‌కేర్ చట్టం కిందికి ఆ సబ్జెక్టులు వస్తాయి. దూరవిద్య, ఆన్‌లైన్ పద్ధతుల్లో వాటికి కొత్త అడ్మిషన్లు వద్దని యూజీసీ 2025లో చెప్పేసింది. ఎవరైనా ఫోన్ చేసి సీటుంది మేడమ్ అంటే, ఆ ఆర్డర్ చదివారా అని అడగండి.

ఇక సిలబస్. పీడీఎఫ్ తెరిచి, కంట్రోల్ ఎఫ్, థీసిస్ అని కొట్టండి. ఐసీఏఆర్ ఎంఎస్సీలో మొత్తం 70 క్రెడిట్లు, అందులో 30 థీసిస్‌వే. ఇదిగో టేబుల్. దాదాపు సగం చదువు ఒక్క గైడ్ చేతిలో ఉన్నట్టు! కాబట్టి కాలేజీ పేరు కంటే గైడ్ ఎవరు, ఈమధ్య దేనిమీద పని చేయించారు, అది చూడండి. లైబ్రరీ సైట్‌లో పాత థీసిస్ టైటిల్స్ ఉంటాయి. ఒక పది చదవండి. పదీ ఒకే మూసలో, ఊరి పేరు మాత్రం మారినట్టుంటే మీకే అర్థమవుతుంది. వేరే యూనివర్సిటీల్లో థీసిస్ బదులు చిన్న ప్రాజెక్టో, ఆసుపత్రి ఇంటర్న్‌షిప్పో ఉంటుంది. పీహెచ్‌డీ ఆలోచన లేనివాళ్ళకు అదే నయమేమో.

ఫీజు, హాస్టల్ మీరే నింపుకోండి, అందులో చెప్పడానికేం లేదు. హాస్టల్‌కి మాత్రం ఒక్కసారి మధ్యాహ్నం పూట వెళ్ళి మెస్‌లో పప్పు చూసి రండి. మనం చదివేది న్యూట్రిషన్ కదా మరి.

షీట్ లింక్ కింద పెడుతున్నాను. ఫైల్‌లోకి వెళ్ళి మేక్ ఎ కాపీ నొక్కితే మీ సొంతది వస్తుంది. ఎడిట్ రిక్వెస్ట్ మాత్రం నాకు పంపకండి బాబూ, పోయినసారి ఎవరో నా పచ్చవన్నీ ఎరుపు చేసి పెట్టారు.