20 కంప్యూటర్లు, ఒక్కదాంట్లోనూ హార్డ్ డిస్క్ లేదు

నమస్కారం అండీ. ఇదిగో, ఈ కేబినెట్ మూత తీస్తున్నా, చూడండి. మదర్‌బోర్డు ఉంది, 4 జీబీ ర్యామ్ ఉంది, ఫ్యాన్ నిండా దుమ్ముంది. హార్డ్ డిస్క్ ఉండాల్సిన చోటు మాత్రం ఖాళీ. ఇప్పుడు బటన్ నొక్కుతున్నా... కొంచెం ఆగండి... వచ్చేసింది, లైనక్స్ (విండోస్ లాంటి ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్) డెస్క్‌టాప్.

మనం కడపలో, ఏడు రోడ్ల దగ్గర మా మామ నడిపే కంప్యూటర్ సెంటర్‌లో ఉన్నాం. టేబుళ్లు కూడా కడప బండలే, పిల్లలు ఎంత ఊపినా కదలవు. డిస్కులే తట్టుకోలేదు. ఎండ, దుమ్ము, పైగా పని మధ్యలో కరెంటు పోవడం. పోయిన వేసవిలో వరసగా ఆరు పోయాయి. "ఏంది అల్లుడూ, వచ్చిన ఫీజులన్నీ ఈ డిస్కులకే పోతాండాయే" అన్నాడు మామ. సరే, అసలు డిస్కే లేకుండా, కావాల్సినవన్నీ ఒక్క సర్వర్ నుంచి నెట్‌వర్క్ మీద తెచ్చుకునేలా చేద్దాం అన్నాను. నమ్మలేదు.

ఇది కొత్త విద్యేమీ కాదు. 1980లలోనే సన్ మైక్రోసిస్టమ్స్ కంపెనీ డిస్కు లేని వర్క్‌స్టేషన్లు అమ్మింది. అడ్రస్ తెలియని మెషీన్ నెట్‌వర్క్‌లో అడ్రస్ అడిగి తెలుసుకునే పద్ధతిని, బూట్‌పీ అనే పేరుతో 1985లో రాసిపెట్టారు. మనం ఇప్పుడు వాడే పీఎక్స్ఈ, అంటే నెట్‌వర్క్ నుంచే కంప్యూటర్‌ను లేపే పద్ధతి, ఇంటెల్ తెచ్చింది. దాని 2.1 వెర్షన్ 1999 నాటిది. మీ ఇంట్లో పాత కంప్యూటర్‌లో కూడా ఇది ఉండే ఉంటుంది, బయోస్‌లో (ఆన్ అవగానే మొదట నడిచే ప్రోగ్రామ్‌లో) నెట్‌వర్క్ బూట్ అని వెతకండి.

లోపల జరిగేది ఇది. ఆన్ అవగానే నెట్‌వర్క్ కార్డు గట్టిగా ఒక కేక వేస్తుంది: "నేనెవరో నాకు తెలియదు, ఎవరైనా అడ్రస్ ఇవ్వండి." కేబుళ్లన్నీ కలిసే పెట్టె, స్విచ్, దానికి తగిలించి ఉన్న అందరికీ ఆ కేక వినపడుతుంది. అడ్రస్‌లు పంచే డీహెచ్‌సీపీ సర్వర్ పలికి మూడు సంగతులు చెబుతుంది: నీ ఐపీ అడ్రస్ ఇది, ఫలానా సర్వర్ దగ్గరికి పో, అక్కడ ఈ పేరున్న ఫైల్ తెచ్చుకో. మెషీన్ పోయి, ఆ ఫైల్ తెచ్చుకుని నడుపుతుంది. ఆ చిన్న ఫైల్ పోయి లైనక్స్‌కు గుండెకాయ లాంటి కెర్నెల్‌ను తెస్తుంది. కెర్నెల్ లేచి, సర్వర్‌లో ఉన్న ఫోల్డర్‌ను ఎన్ఎఫ్ఎస్ (నెట్‌వర్క్ మీద ఫోల్డర్లు పంచుకునే పద్ధతి) ద్వారా తన సొంత డిస్కు అనుకుని పని మొదలుపెడుతుంది.

చెప్పడానికి ఇంతే. నాకు మాత్రం రెండు రోజులు పట్టింది. ఎందుకో చెబుతా, మీకూ ఇదే జరుగుతుంది కాబట్టి.

ఈ నల్ల స్క్రీన్ చూడండి. పీఎక్స్ఈ-ఈ53, బూట్ ఫైల్ పేరు అందలేదు అంటోంది. అదే మెషీన్ మళ్లీ ఆన్ చేస్తే ఒక్కోసారి వస్తుంది, ఒక్కోసారి రాదు. కేబుల్ మార్చాను, పోర్టు మార్చాను, తల గోక్కున్నాను. చివరికి చూస్తే, మూలన గోడకు వేలాడుతున్న వైఫై రూటర్! కేక వినగానే నా సర్వర్ కన్నా ముందు అదే పలుకుతోంది. ఐపీ ఇస్తుంది, ఫైల్ పేరు చెప్పదు, దానికి తెలిస్తే కదా. రూటర్‌లో డీహెచ్‌సీపీ ఆపేయొచ్చు, కానీ అప్పుడు సర్వర్ ఆఫ్ ఉన్న రోజు మామ ఫోన్‌కు వైఫై రాదు, నాకు తిట్లు తప్పవు. అందుకే డీఎన్ఎస్‌మాస్క్ అనే చిన్న ప్రోగ్రామ్‌ను ప్రాక్సీ మోడ్‌లో పెట్టాను. ఐపీ రూటరే ఇస్తుంది, ఫైల్ పేరు మాత్రం మనం ఇస్తాం. గొడవ తీరిపోయింది.

ఈ53 కాకుండా ఈ51 వస్తే అసలు ఎవరూ పలకలేదని అర్థం. కేబుల్ చూడండి. సెకండ్ హ్యాండ్‌లో మేనేజ్డ్ స్విచ్ (సెట్టింగులు మార్చుకోగలిగేది) కొనుంటే, కేబుళ్లు చుట్టు తిరిగి కలవకుండా కాపాడే స్పానింగ్ ట్రీ అనే సెట్టింగ్ కూడా చూడండి. పాత పద్ధతిలో అది పోర్టును 30 సెకన్లు ఆపుతుంది, ఈలోపు మన మెషీన్ విసిగిపోయి ఊరుకుంటుంది.

ఇంకో తలనొప్పి టీఎఫ్‌టీపీ, ఫైళ్లు పంపే ఒక పాత పద్ధతి. మొదటి ఫైల్ వచ్చేది దీంతోనే. ఇది మామూలుగా 512 బైట్ల ముక్క ఒకటి పంపి, "అందింది" అని జవాబు వచ్చేదాకా రెండోది పంపదు. లారీలోంచి ఒక్కో మూట దించి, ఒక్కోదానికీ సంతకం తీసుకున్నట్టు. 60 ఎంబీ ఫైల్ అంటే లక్షా 22 వేలకు పైగా సంతకాలు! అందుకని టీఎఫ్‌టీపీతో ఐపీఎక్స్ఈ అనే చిన్న లోడర్ ఒక్కటే దించి, మిగతా పెద్ద ఫైళ్లు వెబ్ పేజీలు వచ్చే హెచ్‌టీటీపీ మీద తెప్పించాను. తేడా కంటికే కనపడుతుంది. పాత బయోస్ మెషీన్‌కు ఒక ఫైల్, బయోస్ స్థానంలో వచ్చిన యూఈఎఫ్ఐ ఉన్న మెషీన్‌కు ఇంకో ఫైల్ ఇవ్వాలి. ఇక్కడ రెండు రకాలూ ఉన్నాయి. కొత్తవాటిలో, నమ్మకం లేని ఫైళ్లను ఆన్ అయ్యేటప్పుడే అడ్డుకునే సెక్యూర్ బూట్ కూడా ఆపాల్సి వచ్చింది.

సర్వర్ ఫోల్డర్ అందరికీ చదవడానికే, రాయడానికి కాదు. ఎవరేం మార్చినా వాళ్ల ర్యామ్‌లోనే ఉంటుంది, ఆపగానే పోతుంది. ఒక పిల్లోడు రోజూ తన హీరో ఫోటో వాల్‌పేపర్‌గా పెడతాడు, తెల్లారేసరికి ఉండదు, మళ్లీ పెడతాడు. పిల్లలు చేసిన పని పోకుండా వాళ్ల ఫోల్డర్లు సర్వర్‌లో వేరేగా ఉంచాను.

లోటు కూడా చెప్పాలి. సర్వర్ పడిందంటే 20 మెషీన్లూ బొమ్మలే. అందుకే యూపీఎస్ సర్వర్‌కూ స్విచ్‌కూ మాత్రమే ఇచ్చాను, మిగతావి కరెంటు పోతే పోనీ, వాటిలో పాడవడానికి డిస్కే లేదు. ఇంకోటి, గిగాబిట్ లైన్ ఎంత లాగినా సెకనుకు 125 ఎంబీ దాటదు. 20 మంది ఒకేసారి బటన్ నొక్కితే తలా 6 ఎంబీ వస్తుంది. కరెంటు రాగానే అన్నీ కలిసి లేవకుండా, బయోస్‌లో ఆటోమేటిక్‌గా ఆన్ అయ్యే సెట్టింగ్ తీసేశాను. ఇప్పుడు మామే వరస వరసగా నడుచుకుంటూ ఒక్కో బటన్ నొక్కుతాడు. అదిగో, ఏడో దాని దగ్గరున్నాడు.