పొద్దున్నకి వాసన పోయింది

శ్రోతలందరికీ నమస్కారం. శ్రీకాకుళంలో ముప్పై ఏళ్లు ప్లీడరు గుమాస్తాగా పనిచేశాను. తాగి బండి నడిపి మనిషి ప్రాణం తీసినవాళ్లకి శిక్షలు పెంచాలా అని ఎవరైనా అడిగితే నాకు సెక్షన్ల కన్నా ముందు ఒక స్టీలు క్యారేజీ గుర్తొస్తుంది.

పాత చట్టం ఉన్న రోజులు. పైడిభీమవరం ఫ్యాక్టరీలో బి షిఫ్టు దిగి ఒకాయన సైకిల్ మీద రణస్థలం వైపు ఇంటికి వస్తున్నాడు. రాత్రి పదిన్నర. వెనక నుంచి కారు గుద్దేసింది, ఆయన ప్రాణం పోయింది. పక్కనే కిళ్లీ బడ్డీ, అది కట్టేస్తున్న కుర్రాడు పరిగెత్తుకొచ్చాడు. డ్రైవరు దిగాడు గానీ నిలబడలేక డోరు పట్టుకుని ఊగుతున్నాడట, మందు వాసన గుప్పుమంటోందట. జనం పోగయ్యారు, తలో దెబ్బా వేశారు, ఆ గొడవలోనే అతను తప్పించుకుని సరుగుడు తోటల్లోకి పారిపోయాడు. మర్నాడు తొమ్మిదిన్నరకి స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, ప్లీడరుని వెంటబెట్టుకుని స్టేషనుకొచ్చాడు. అప్పుడు రక్తం తీశారు. అందులో ఏమీ లేదు.

ఎలా ఉంటుంది? తాగింది ఒంట్లో కూర్చుని ఉండదు. వంద మిల్లీలీటర్ల రక్తంలో గంటకి సుమారు 15 మిల్లీగ్రాముల చొప్పున కరిగిపోతుంది, మనిషిని బట్టి కొంచెం అటూ ఇటూ. మన చట్టం పెట్టిన హద్దు 30 మిల్లీగ్రాములు. దానికి మూడింతలు, అంటే 90 ఉన్నవాడు కూడా ఆరు గంటలు ఎక్కడో దాక్కుంటే చాలు, రక్తం శుభ్రం. ఇతను పదకొండు గంటలు దాక్కున్నాడు.

మేము చనిపోయినాయన భార్య తరఫున పరిహారం కేసు నడిపాం. క్రిమినల్ కేసు వేరే కోర్టులో నడిచింది. కిళ్లీ బడ్డీ కుర్రాడు పని మానుకుని వాయిదాకి వచ్చి, వాసన వచ్చిందని ధైర్యంగా చెప్పాడు. కానీ వాసనకి అంకె ఉండదు కదా, కాగితం మీద అంకె సున్నా. నిర్లక్ష్యంగా నడిపాడన్న సెక్షన్ ఒక్కటే మిగిలింది, చివరికి జరిమానాతో సరి. ఆ వేళ ఆ అప్ప మా ఆఫీసు గుమ్మంలో భర్త అన్నం క్యారేజీ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. పై గిన్నె సొట్టపోయింది, పక్క క్లిప్పు ఊడిపోయింది, కింది గిన్నె అందులోనే బిగుసుకుపోయి ఇక ఎవరు లాగినా రాలేదు. "ఏటి బాబూ, ఆడు తాగినాడని ఊరందరికీ తెలుసు, కోర్టుకి తెలీదా?" అంది. నా దగ్గర సమాధానం లేదు.

నిర్లక్ష్యంతో ప్రాణం తీస్తే, పాత చట్టం అంటే ఐపీసీలోని 304-ఎ సెక్షన్ కింద గరిష్ఠంగా రెండేళ్లు, లేదా జరిమానా. 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత వచ్చాక 106వ సెక్షన్ కింద అది ఐదేళ్లయింది, జరిమానా కూడా తప్పదు. పెంచినందుకు నాకు సంతోషమే. అయినా చాలదంటాను, ఎందుకంటే తాగి చంపడానికంటూ విడిగా సెక్షన్ లేదు, నిద్రమత్తులో గుద్దినవాడూ పీకలదాకా తాగి గుద్దినవాడూ మామూలుగా అదే సెక్షన్ కిందకి వస్తారు. గుద్ది, పోలీసులకి చెప్పకుండా పారిపోతే పదేళ్లు అని రాసిన ఉపవిభాగాన్నేమో, లారీ డ్రైవర్లు సమ్మెకి దిగడంతో, మిగతా చట్టంతో పాటు అమల్లోకి తేకుండా పక్కన పెట్టారు. ఆగితే జనం చంపేస్తారన్నది డ్రైవర్ల భయం. ఆ భయం అబద్ధమని నేను అనను.

సాక్ష్యం చేతిలో ఉంటే కథ ఎలా మారుతుందో ముంబై కార్టర్ రోడ్డు కేసు చెబుతుంది. 2006 నవంబరులో పేవ్‌మెంట్ మీద పడుకున్న ఏడుగురు కూలీలు కారు కింద పడి చనిపోయారు. డ్రైవరు రక్తంలో మద్యం ఉన్నట్టు పరీక్షలో తేలింది. కింది కోర్టు ఆరు నెలలే వేసింది. హైకోర్టు దాన్ని హత్య కాని నేరపూరిత మరణం, అంటే ప్రాణం పోవచ్చని తెలిసీ చేసిన పని కిందకి మార్చి మూడేళ్లు చేసింది, 2012లో సుప్రీంకోర్టు సరే అంది. ఏడు ప్రాణాలకి మూడేళ్లా అని నా మనసు ఇప్పటికీ ఒప్పుకోదు, కానీ ఆ రక్తం రిపోర్టే లేకపోతే అదైనా ఉండేది కాదేమో.

అందుకే ఇవాళ మిమ్మల్ని అడిగేది ఒక్కటే. నరసన్నపేట దగ్గరైనా, భోగాపురం దగ్గరైనా, రోడ్డు మీద అలాంటిది కనబడితే డ్రైవరు మీద చెయ్యి వెయ్యకండి. కొడితే పారిపోతాడు, పారిపోతే రక్తం పోతుంది. చుట్టూ నిలబడి కదలనివ్వకండి, అంతే. గాయపడిన మనిషికి 108, పోలీసులకి 112. ఫోన్లో టైము చెప్పండి, బండి నంబరు చెప్పండి, "డ్రైవరు తాగి ఉన్నట్టున్నాడు, వెంటనే పరీక్ష చేయించండి" అని ఆ ముక్క విడిగా చెప్పండి. తాగి నడిపినందుకు అరెస్టు చేస్తే రెండు గంటల్లోపు వైద్య పరీక్ష జరగాలి, లేకపోతే అతన్ని వదిలేయాల్సిందేనని మోటారు వాహనాల చట్టంలోనే ఉంది. సాయం చేసినవాళ్ల పేరు బలవంతంగా అడగకూడదని కూడా 2019 సవరణ కింద 2020లో తెచ్చిన నియమాల్లో రాశారు, కాబట్టి సాక్ష్యానికి తిప్పుతారేమోనన్న టెన్షన్ పెట్టుకోకండి.

టైము చెప్పడం మర్చిపోకండి. ఆ రాత్రి కిళ్లీ బడ్డీ దగ్గర యాభై మంది ఉన్నారట, పదిన్నరకి ఫోన్ చేసినవాళ్లు ఒక్కరూ లేరు.