సెల్ చచ్చిందా, తనను తానే చంపుకుందా?

[తెర మీద: ఫ్లాస్క్ అడుగున అతుక్కుని ఉన్న కణాలు. మరునాటికి వాటిలో చాలా గుండ్రంగా మారి పైకి తేలాయి.]

నిన్న ఈ ఫ్లాస్క్‌లో మందు వేశాం. ఇవాళ కణాలు ఇలా తేలుతున్నాయి. చూడగానే “అపోప్టోసిస్ (కణం తనను తానే చంపుకోవడం) వచ్చేసింది” అని రాసేయాలనిపిస్తుంది. ఆగండి. అవి చచ్చాయని మాత్రమే తెలుసు, ఎలా చచ్చాయో ఇంకా తెలియదు.

ఇవి ఏ549 కణాలు. 1972లో 58 ఏళ్ల వ్యక్తి ఊపిరితిత్తుల కణితి నుంచి తీసిన కణాల సంతతి, ఇప్పటికీ ల్యాబుల్లో పెరుగుతూనే ఉంది. అదే ఏడాది కెర్, వైలీ, కరీ అనే ముగ్గురు అపోప్టోసిస్ అనే పేరు పెట్టారు. గ్రీకులో ఆ మాటకు ఆకులు రాలడం అని అర్థం. గాయమై పగిలిపోవడం వేరు, లోపలి నుంచి ఆదేశం వచ్చి పద్ధతిగా ముడుచుకుపోవడం వేరు. పరీక్షలన్నీ ఈ తేడా పట్టుకోవడానికే.

ముందు ఎంటీటీ అనే పరీక్ష సంగతి. బతికున్న కణాలు పసుపు రంగు పదార్థాన్ని ఊదా రంగులోకి మారుస్తాయి. రంగు తగ్గిందంటే కణాలు చచ్చి ఉండొచ్చు, లేదా విభజన ఆగిపోయి ఉండొచ్చు. ఈ ఒక్క పరీక్షతో అపోప్టోసిస్ అని తేల్చేసిన వాళ్లను చూస్తే నాకు కొంచెం చిరాకే.

[తెర మీద: కణం పైపొర రెండు వరసలుగా. లోపలి వరసలో ఎర్ర చుక్కలు, ఒక్కొక్కటే బయటికి వస్తున్నాయి.]

ఇక అసలు పరీక్ష, అనెక్సిన్ వి. కణం పైపొరలో ఫాస్ఫాటిడిల్‌సెరిన్ అనే కొవ్వు ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్నంతకాలం అది లోపలి వైపే ఉంటుంది. అపోప్టోసిస్ మొదలయ్యాక బయటికి తిరుగుతుంది. చొక్కా తిరగేసి వేసుకుంటే లోపలి కుట్లు బయటికి కనిపిస్తాయే, అలాగన్నమాట. దీన్ని చూసే శరీరంలోని రక్షక కణాలైన మాక్రోఫేజ్‌లు ఆ కణాన్ని మింగేస్తాయి. అనెక్సిన్ వి అనే ప్రొటీన్ కూడా దీనికే అతుక్కుంటుంది, కాకపోతే కాల్షియం ఉండాలి. దానికి ఆకుపచ్చగా వెలిగే రంగు తగిలిస్తాం. తోడుగా ప్రొపిడియం అయొడైడ్ అనే మరో రంగు వేస్తాం. పైపొర చిల్లు పడ్డ కణంలోకే అది దూరి, డీఎన్ఏకు అతుక్కుని ఎర్రగా వెలుగుతుంది.

ఫ్లో సైటోమీటర్‌లో పెడితే ఒక్కో కణం లేజర్ ముందు నుంచి వెళ్తుంది. సాధారణంగా 10,000 కణాలు లెక్కిస్తాం. ఏ రంగూ పట్టనిది బతికున్నట్టు. ఆకుపచ్చ ఒక్కటే ఉంటే అపోప్టోసిస్ తొలి దశ. రెండూ ఉన్నవాటి దగ్గరే చిక్కు. చివరి దశ అపోప్టోసిస్ అయినా, నేరుగా పగిలి చచ్చిన కణమైనా అక్కడే పడతాయి. అందుకే 24 గంటల తర్వాత ఒక్కసారి చూస్తే సరిపోదు. 6 గంటలకు, 12 గంటలకు కూడా చూడాలి. ముందు ఆకుపచ్చ, తర్వాత రెండూ వస్తే కథ నమ్మదగ్గది.

మొదట్లో నేను చేసిన తప్పొకటి చెప్పాలి. మీడియా (కణాలు పెరిగే ద్రవం) పారబోసి, అతుక్కుని ఉన్నవాటినే, అడుగు నుంచి విడదీసే ఎంజైమ్ అయిన ట్రిప్సిన్‌తో లేపి పరీక్షించాను. ఫలితం బ్రహ్మాండం, మందు వేసినా కణాలన్నీ బతికే ఉన్నాయి! చచ్చినవన్నీ ఆ పారబోసిన మీడియాలోనే సింకులోకి పోయాయి మరి. అప్పటి నుంచి మీడియాను ముందు ట్యూబులోకి తీసి, తర్వాతే ట్రిప్సిన్ వేస్తాను. అదీ ఎక్కువసేపు ఉంచితే మంచి కణాల పైపొరే దెబ్బతిని, లేని చావు కనిపిస్తుంది.

[తెర మీద: వెస్టర్న్ బ్లాట్, నాలుగు వరసలు.]

దీనికి సాక్షిగా వెస్టర్న్ బ్లాట్, అంటే ప్రొటీన్లను సైజు వారీగా గీతలుగా చూపే పరీక్ష. అపోప్టోసిస్‌లో కాస్పేస్-3 అనే ఎంజైమ్ పార్ప్ ప్రొటీన్‌ను కోస్తుంది. 116 కిలోడాల్టన్ల (ప్రొటీన్ బరువు కొలత) దగ్గర ఉండే గీత 89కి దిగుతుంది. మొదటి వరస మందు లేనిది, 116 గీత ఒక్కటే. రెండోది అపోప్టోసిస్ తెప్పిస్తుందని ముందే తెలిసిన స్టౌరోస్పోరిన్ వేసినది. పరీక్ష పనిచేస్తోందని చూపించడానికి పెట్టాం, 89 గీత గట్టిగా వచ్చింది. మూడోది మన మందు, ఇక్కడా 89 ఉంది. నాలుగో వరసలో అదే మందు, కానీ దానికి ముందు కాస్పేస్‌లను ఆపే జడ్-వీఏడీ వేశాం. దగ్గరికి చూడండి, 89 గీత దాదాపు మాయమైంది. ఇప్పుడు రాసుకోవచ్చు: ఈ కణాలు కాస్పేస్‌ల దారిలోనే చచ్చాయి.